నేల ఆవిరి లెక్క – 5వ పాఠం: 70 ఎక్కడ, 26 ఎక్కడ

ఈసారి కొత్త పాఠం మొదలుపెడదామనుకున్నా, కుదరలేదు. నేలలోంచి ఇంట్లోకి వచ్చే ఆవిరి పీల్చితే ఎంత ప్రమాదమో కట్టమని పోయినసారి ఇచ్చిన హన్మకొండ ఇంటి లెక్కలో చాలామంది ఒకేచోట జారారు.

మూతపడ్డ పెట్రోల్ బంకు పక్కన ఇల్లు అనుకున్నాం. గచ్చు కింద మట్టిలోని గాలిలో బెంజీన్ (పెట్రోల్‌లో ఉండే, క్యాన్సర్ తెచ్చే రసాయనం) ఘనమీటరుకు 1,500 మైక్రోగ్రాములు. షాబాద్ బండల సందుల్లోంచి, బాత్రూం పైపు చుట్టూ ఉన్న పగుల్లోంచి అది పైకి వస్తుంది. అటెన్యుయేషన్ ఫ్యాక్టర్ (మట్టి గాలిలో ఉన్నదాంట్లో ఎన్నో వంతు ఇంటి గాలిలోకి చేరుతుందో చెప్పే అంకె) 0.03తో గుణిస్తే ఇంటి గాలిలో 45. ఇంతవరకు అందరూ సరిగ్గానే చేశారు. (ఈ 0.03 అమెరికా ఇళ్ల కొలతల్లోంచి వచ్చింది. కిటికీకి కూలర్ పెట్టి తలుపులు తీసుకుని పడుకునే ఇంటికీ, ఏసీ వేసి మూసుకునే ఇంటికీ ఒకటే అంకె అంటే నాకు మింగుడుపడదు. అయినా మొదటి వడపోతకు అదే వాడతాను.)

రోజంతా, ఏడాదికి 350 రోజులు, 26 ఏళ్లు పీల్చారు. క్యాన్సర్‌కైతే దీన్ని 70 ఏళ్లకు పంచాలి. ఎందుకంటే యూనిట్ రిస్క్ (ఘనమీటరుకు ఒక మైక్రోగ్రాము ఉంటే క్యాన్సర్ ముప్పు ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) కట్టిందే జీవితాంతం పీల్చితే ఎంత అని. 45ను 350/365తో, 26/70తో గుణిస్తే 16 వస్తుంది. బెంజీన్ యూనిట్ రిస్క్ పై అంచు 0.0000078తో గుణిస్తే పది లక్షల మందిలో 125 మందికి అదనంగా క్యాన్సర్ ముప్పు.

తంటా ఇక్కడే. రక్తంలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) తగ్గడం లాంటి, క్యాన్సర్ కాని హానికీ అదే 16 తీసుకుని, రిఫరెన్స్ గాఢత (ఆ లోపు పీల్చితే హాని ఉండదనుకునే హద్దు) 30తో భాగించారు. 0.53 వచ్చింది, ఒకటిలోపే కదా, ఫర్వాలేదని రాసేశారు. ఆ హాని పీల్చిన ఏళ్లలోనే జరుగుతుందండీ! మిగతా 44 ఏళ్ల మంచి గాలి వెనక్కి వచ్చి దాన్ని కడగదు. వారం రోజులు మట్టి మోసిన కూలీ చెమటను నెలంతా పంచి, రోజుకు పెద్దగా పట్టలేదులే అన్నట్టుంది. అందుకే ఈ హానికి 70 ఏళ్లకు కాదు, పీల్చిన 26 ఏళ్లకే పంచాలి, కాబట్టి 26 పైనా ఉంది, కిందా ఉంది. కొట్టేస్తే మిగిలేది 350/365. అంటే 45 కాస్తా 43 అవుతుంది, 30తో భాగిస్తే 1.4. ఒకటి దాటింది. ఫర్వాలేదన్న ఇల్లే ఖాళీ చేయాల్సినదేమో చూడాల్సి వస్తోంది.

ఇళ్లకైతే నేను సూత్రమే రాయను. ఇంటి గాలి అంకెను క్యాన్సర్‌కైతే 0.36తో, మిగతావాటికైతే 0.96తో గుణించేస్తాను. క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను.

అభ్యాసం: అదే గచ్చు మీద పంక్చర్ షాపు పెట్టండి. యజమాని రోజుకు 9 గంటలు, ఏడాదికి 300 రోజులు, 12 ఏళ్లు అక్కడే. చివరి 5 ఏళ్లు కుటుంబంతో వెనక గదిలోనే కాపురం, రాత్రి 10 గంటలు, 350 రోజులు. అతనికి రెండు లెక్కలూ కట్టండి. ఆ చివరి 5 ఏళ్లను విడిగా చూడండి. 0.36, 0.96 ఇక్కడ పనికిరావు.