ఇన్‌స్టాన్స్‌ఆఫ్ ఎప్పుడూ ఫాల్స్ ఇస్తోందా? ముందు పూర్తి పేరు చూడండి

సమస్య

పీహెచ్‌పీలో ఒక ఆబ్జెక్ట్ ఫలానా క్లాస్‌దేనా కాదా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో చూస్తున్నారు. ఆ క్లాస్‌దేనని మీకు గట్టిగా తెలుసు. అయినా కోడ్ ఇఫ్ లోపలికి వెళ్లదు, ప్రతిసారీ ఎల్స్‌లోకే పోతుంది. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు.

మొదట చేయాల్సిన పని

ఆ ఇఫ్‌కి సరిగ్గా పై లైన్లో వేరియబుల్‌ని గెట్-డీబగ్-టైప్ ఫంక్షన్‌కి ఇచ్చి ప్రింట్ చేయండి. ఇది పీహెచ్‌పీ 8.0 నుంచి ఉంది. పాత వెర్షన్ అయితే వార్-డంప్ చాలు. దయచేసి ఈ ఒక్క లైను వేయకుండా క్లాసులను తిరగరాయడం మొదలుపెట్టకండి. గంటల తరబడి ఇన్‌హెరిటెన్స్ అంతా విప్పి చూసి, చివరికి వేరియబుల్‌లో ఉన్నది నల్, అంటే ఏమీ లేని ఖాళీ విలువ, అని తేలిన సందర్భాలు నేను చాలా చూశాను. అర్రే అని వస్తే డేటాబేస్ నుంచి వచ్చిన వరుసను ఎవరూ ఆబ్జెక్ట్‌గా మార్చలేదన్నమాట. పీహెచ్‌పీలోని సాదా క్లాస్ ఎస్‌టీడీ-క్లాస్ అని వస్తే అది బహుశా జేసన్ డీకోడ్ చేసిన డేటా. అది దానంతట అదే మీ క్లాస్ అయిపోదు.

పేరు మీరు అనుకున్నదే వచ్చిందా? అప్పుడు అసలు కారణం దాదాపుగా ఇదే.

కారణం: నేమ్‌స్పేస్

నేమ్‌స్పేస్ అంటే క్లాస్ పేరుకు ముందు వచ్చే ఇంటిపేరు లాంటిది. నాకు ఒక రోజంతా పోగొట్టిన కేసు చెబుతాను. కూపన్ ఉన్న ఆర్డర్లకు డిస్కౌంట్ పడటం లేదు. క్లాస్ పేరు కూపన్‌ఆర్డర్, అది యాప్\మోడల్స్‌లో ఉంది. చెక్ రాసిన ఫైలు యాప్\బిల్లింగ్‌లో ఉంది. ఈ పేరు ఏ నేమ్‌స్పేస్‌లోని క్లాస్‌దో చెప్పే యూజ్ లైను ఆ ఫైలు పైన లేదు. దాంతో పీహెచ్‌పీ ఆ చెక్‌ని యాప్\బిల్లింగ్\కూపన్‌ఆర్డర్ అని చదివింది. అలాంటి క్లాస్ లోకంలోనే లేదు.

అదే పేరుతో న్యూ అని రాసి ఉంటే క్లాస్ దొరకలేదని వెంటనే ఆగిపోయేది. ఫంక్షన్ పారామీటర్‌కి టైప్‌గా ఇచ్చి ఉంటే టైప్ ఎర్రర్ రెండు పూర్తి పేర్లూ పక్కపక్కన చూపించేది. ఇన్‌స్టాన్స్‌ఆఫ్ మాత్రం నోరు మెదపదు. లోడ్ కాని క్లాస్‌కి ఆబ్జెక్ట్ ఉండే అవకాశమే లేదు కాబట్టి, క్లాస్ ఫైలును అవసరమైనప్పుడు లోడ్ చేసే ఆటోలోడర్‌ని కూడా పిలవకుండా ఫాల్స్ ఇచ్చేస్తుంది. భాష పరంగా ఆ జవాబు తప్పు కాదు. మనం అడిగిన పేరే తప్పు.

ప్రింట్ చేసినప్పుడు నేను చివరి ముక్క మాత్రమే చదివి సరిగ్గానే ఉందనుకున్నాను. ఆ ముందున్న నేమ్‌స్పేస్ చదవకపోవడమే రోజు పోవడానికి కారణం.

పరిష్కారం

రెండు వైపులా ప్రింట్ చేయండి: ఒక లైన్లో ఆబ్జెక్ట్ పూర్తి పేరు, కింద లైన్లో మీరు చెక్‌లో రాసిన పేరుకి చివర రెండు కోలన్లూ క్లాస్ అనే మాటా తగిలించి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కళ్లకు కనిపిస్తుంది. ఆబ్జెక్ట్‌ది చైల్డ్ క్లాస్ అయితే పేర్లు వేరుగా రావడం సహజమే. అప్పుడు పేరెంట్ క్లాస్ పూర్తి పేరుతో పోల్చండి. తేడా దొరికాక పైన సరైన యూజ్ లైను పెట్టండి. క్లాస్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చినప్పుడు పాత యూజ్ లైన్లు అలాగే మిగిలిపోతాయి, వాటికీ ఎర్రర్ రాదు. అందుకే ఫైళ్లు కదిలించిన ప్రతిసారీ కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు చెప్పే పీహెచ్‌పీ-స్టాన్ లాంటి టూల్ నడపండి. లేని క్లాస్ పేరును అది పట్టి ఇస్తుంది.

క్లాస్ పేరును స్ట్రింగ్‌గా వేరియబుల్‌లో పెట్టి చెక్ చేస్తే యూజ్ లైను అసలు పనిచేయదు. స్ట్రింగ్‌లో పూర్తి పేరే ఉండాలి.

ఎర్రర్లను పట్టుకునే క్యాచ్‌లో కూడా ఇదే గొడవ. నేమ్‌స్పేస్ ఉన్న ఫైల్లో ఉత్త ఎక్సెప్షన్ అని రాస్తే అది ఆ నేమ్‌స్పేస్‌లోని ఎక్సెప్షన్ కోసం చూస్తుంది, అసలుది పట్టుకోకుండా వదిలేస్తుంది. ఆ పేరుకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి.

మిగతావి

గెట్-క్లాస్‌తో పేర్లు సమానమా అని పోలిస్తే చైల్డ్ క్లాసులు తప్పిపోతాయి, ఇన్‌స్టాన్స్‌ఆఫ్ వాడండి. సెషన్ నుంచి తీసిన ఆబ్జెక్ట్ ఇన్‌కంప్లీట్ క్లాస్ అని కనిపిస్తే, అన్‌సీరియలైజ్ అయ్యే, అంటే దాచిన డేటా తిరిగి ఆబ్జెక్ట్‌గా మారే, సమయానికి ఆ క్లాస్ దొరకలేదు. ఆటోలోడర్ సెషన్ మొదలయ్యే ముందే సిద్ధంగా ఉండాలి. జావాస్క్రిప్ట్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి చెక్‌ని తిరగేస్తే మొత్తం చెక్ చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి. పీహెచ్‌పీలో ఆ అవసరం లేదు.