దగ్గర్లో ఉన్న చిన్న మ్యూజియంలో మీరూ ఒక చెయ్యి వేయాలంటే

చిన్న స్థానిక చరిత్ర మ్యూజియం అంటే రెండు మూడు గదులు, కొన్ని అద్దాల బీరువాలు, గోడల మీద పాత ఫోటోలు, అరగంటలో చూసేసి బయటికి వచ్చేయొచ్చు అనుకుంటాం. నేనూ మొదట అలాగే చూసొచ్చాను. తర్వాత వాలంటీరుగా వెళ్లడం మొదలుపెట్టాక తెలిసింది, అక్కడ అన్నిటికన్నా కరువైంది వస్తువులు కాదు, ఆ వస్తువుల సంగతి తెలిసిన మనుషులు అని. ఆ తెలిసిన మనిషి మీరే కావచ్చు, మీ ఇంట్లో పెద్దవాళ్లు కావచ్చు.

ముందుగా అక్కడ ఏమేం జరుగుతున్నాయో కనుక్కోండి. ఇలాంటి చోట్ల జీతం తీసుకునే మనిషి ఒక్కరే ఉంటారు, ఒక్కోసారి ఆ ఒక్కరూ ఉండరు, కాబట్టి ఆన్‌లైన్‌లో కొత్త సమాచారం కనిపించలేదని అక్కడ ఏమీ జరగట్లేదనుకోకండి. ఫోన్ చేయండి, లేదా తెరిచి ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. వెళ్లాక అడగాల్సినవి మూడే: తర్వాతి కార్యక్రమం ఎప్పుడు, వాలంటీర్లు ఏ రోజు వస్తారు, ఇప్పుడు దేనికి మనుషులు కావాలి. మూడోది తప్పకుండా అడగండి, ఎందుకంటే చాలా పనులకి వాళ్లు ఎక్కడా ప్రకటన వేయరు. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి జరుపుతున్నారు, ఏటా ఒక అంశం ప్రకటిస్తారు. జూన్ 9 అంతర్జాతీయ ఆర్కైవ్స్ (పాత పత్రాలు, రికార్డులు భద్రపరిచే చోట్లు) దినోత్సవం. ఈ తేదీల చుట్టూ ఏదో ఒకటి పెట్టే మ్యూజియంలు చాలానే ఉంటాయి కాబట్టి ఒక నెల ముందే అడిగితే చూడ్డానికే కాదు, ఏర్పాట్లు చేయడానికి కూడా చోటు దొరుకుతుంది.

ఉపన్యాసాలు, పాత వీధుల్లో నడకలు, పిల్లల కార్యక్రమాలు, ఇవన్నీ బాగుంటాయి, వెళ్లండి. కానీ ఒక్కదానికే టైం ఉందంటే ఫోటోల్లో మనుషుల్ని గుర్తుపట్టే రోజుకి వెళ్లమంటాను. నేను చూసిన ఒక సాయంత్రం బల్ల మీద ఒక బడి గ్రూప్ ఫోటో పెట్టారు. వెనకాల పెన్సిల్‌తో సంవత్సరం తప్ప ఇంకేం లేదు. ఒక పెద్దావిడ భూతద్దం పట్టుకుని, వేలు ఫోటోకి తగలకుండా పైనుంచే వరస వెంట జరుపుకుంటూ వెళ్లి, రెండో వరసలో ఆగి, "ఈవిడ మా మేనత్త, లెక్కలు చెప్పేది" అన్నారు. అంతే, పక్కన కూర్చున్న ఇంకొకాయనకి ఆ లెక్కల టీచర్ గుర్తొచ్చారు, ఆవిడ పక్కన నిలబడినాయన పేరు గుర్తొచ్చింది, గంటలో ఆరుగురి పేర్లు తేలాయి. అన్నేళ్లుగా బీరువాలో పేరు లేకుండా ఉన్న ఫోటో అది.

ఆ పేర్లు ఫోటో మీద రాయరు. పైన ట్రేసింగ్ కాగితం పెట్టి తలల ఆకారాలు గీస్తే కింద ఫోటో మీద నొక్కుడు పడుతుంది, అందుకని జిరాక్స్ కాపీ మీద పెట్టి గీసి, ఒక్కో తలకి నంబర్ వేసి, ఆ నంబర్ పక్కన పేరు, చెప్పినవాళ్ల పేరు, చెప్పిన తేదీ రాస్తారు. గుర్తు తప్పు కావచ్చు, రేపు ఇంకొకరు వచ్చి కాదనవచ్చు, అప్పుడు ఎవరు ఏం చెప్పారో తెలియాలి కదా. మీకు అనుమానంగా ఉంటే "అనుకుంటున్నాను" అని అలాగే రాయించండి.

మీ దగ్గరున్న ఫోటోలు స్కాన్ చేయించే రోజు ఉంటే వాటిని ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్లండి. ఆల్బమ్‌కి అతుక్కున్నవి పీకొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు, చిరిగినచోట సెల్లో టేప్ వేయొద్దు (ఆ జిగురు కొన్నేళ్లకి పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది), లామినేషన్ అసలే వద్దు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, అంచులు పట్టుకుని తీయండి. స్కాన్ కనీసం 600 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క, ఎక్కువుంటే వివరం ఎక్కువ) చేస్తారా, మీకూ ఒక కాపీ ఇస్తారా అని అడగండి. వెనకవైపు కూడా స్కాన్ చేయమనండి, స్టూడియో ముద్ర, ఎవరో రాసిన ఒక్క మాట, కొన్నిసార్లు ముందున్న బొమ్మకన్నా అదే ఎక్కువ చెబుతుంది. స్కాన్ అయ్యాక అసలు ఫోటో మీతో ఇంటికి వచ్చేస్తుంది, దాన్ని ఇచ్చేయనక్కర్లేదు. ఆ స్కాన్‌ని వాళ్లు ఎక్కడెక్కడ వాడుకోవచ్చో అనుమతి పత్రంలో ఉంటుంది, చదివి సంతకం పెట్టండి.

వస్తువే ఇచ్చేయాలనుకుంటే మాత్రం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేయకండి. ముందు ఇంట్లో అందరితో మాట్లాడండి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ తర్వాత వచ్చి "అది మాది కూడా" అంటే మ్యూజియం ఇరకాటంలో పడుతుంది. దాన్ని ఎవరు వాడారు, ఎక్కడ, ఎప్పుడు, ఒక కాగితం మీద రాసుకెళ్లండి. చోటు లేకపోయినా, అలాంటిది ఇప్పటికే ఉన్నా, వాళ్లు సేకరించే అంశానికి సరిపోకపోయినా వద్దంటారు, మనసు కష్టపెట్టుకోకండి, కాపాడలేనిది తీసుకోకపోవడమే నిజాయితీ. తీసుకుంటే దానపత్రం మీద సంతకం పెట్టిస్తారు. అంటే ఆ వస్తువు ఇక మ్యూజియానిది, ఎప్పుడూ ప్రదర్శనలోనే ఉంటుందన్న హామీ ఉండదు. అరువుగా ఇస్తుంటే తిరిగి ఇచ్చే తేదీ రాతలో ఉండాలి. చాలాచోట్ల మీ వస్తువుకి 2024.7.3 లాంటి నంబర్ వేస్తారు: 2024లో వచ్చిన ఏడో దానంలో మూడో వస్తువు అని. ఆ నంబర్ రాసి పెట్టుకోండి, పదేళ్ల తర్వాత మీ పిల్లలు వెళ్లి అడిగినా దాంతో దొరుకుతుంది.

వాలంటీరుగా చేరడానికి చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. వారానికి రెండు గంటలు, కానీ ప్రతి వారం అదే రెండు గంటలు, అని చెప్పండి. ఎప్పుడైనా వస్తాను అనేవాళ్లకన్నా ఆ మాట వాళ్లకి ఎంతో ఊరట. పాత ఉత్తరాల చేతిరాత చదివి టైప్ చేయడం, రిజిస్టర్‌లో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించడం, వచ్చినవాళ్లని పలకరించడం, కుర్చీలు వేయడం, అన్నీ పనులే. పాత కాగితాలున్న గదిలోకి పెన్ను, నీళ్ల సీసా తీసుకెళ్లకండి, పెన్సిలే. మామూలు కాగితాలకి కడిగి బాగా ఆరబెట్టుకున్న చేతులు చాలు, గుడ్డ గ్లోవ్స్‌తో స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. ఫోటోలకి, లోహపు వస్తువులకి మాత్రం గ్లోవ్స్ కావాలి. తుప్పు పట్టిన క్లిప్పు కనిపిస్తే లాగకండి. నేను మొదటి వారంలోనే అలా లాగి ఒక ఉత్తరం మూల చింపాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. క్లిప్పుకీ కాగితానికీ మధ్య పలచటి ప్లాస్టిక్ ముక్క జొనిపి నెమ్మదిగా వదులు చేయాలని తర్వాత నేర్పారు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల మాటలు రికార్డు చేయించడం వాయిదా వేయకండి. దీన్ని ఒక పద్ధతిగా 1948లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ మొదలుపెట్టారు. అక్కడ మొదట్లో ఎక్కువగా పేరున్నవాళ్లనే అడిగారు. చిన్న మ్యూజియం అడిగేది మామూలు మనుషుల్ని, అందుకే నాకు ఆ పని అంటే అంత ఇష్టం. సమ్మతి పత్రం ముందే చదివి వినిపించండి, ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు, ఇలాంటి తేలిక ప్రశ్నలతో మొదలుపెడితే వాళ్ల టెన్షన్ పోతుంది. "ఆ రోజులు ఎలా ఉండేవి" అంటే "బాగుండేవి" అనేస్తారు. "ఇంట్లో పొద్దున్నే మొదట ఎవరు లేచేవాళ్లు, లేచి ఏం చేసేవాళ్లు" అని అడిగి చూడండి. మాట ఆగితే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి, కాసేపు ఊరుకోండి, వాళ్లు వెతుక్కుంటున్నారు. ఇక అయిపోయింది అనుకున్నాక కూడా "ఇంకా ఆన్‌లోనే ఉంది, పర్వాలేదా" అని అడిగి రికార్డర్‌ని అలాగే ఉంచండి. చాలామందికి అసలు సంగతి లేచి గుమ్మం దాకా వచ్చాకే గుర్తొస్తుంది.