ల్యాప్‌టాప్ సొంత వైద్యం – 4వ పాఠం: చెప్పాపెట్టకుండా ఆరిపోతుంటే

పోయిన పాఠంలో నత్తనడక నడిచే ల్యాప్‌టాప్‌ను చూశాం. ఆ జబ్బు ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది, తీరిగ్గా పరీక్షించుకోవచ్చు. ఈసారి చూడబోయేది వేరే రకం. రెండు గంటలు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, సరిగ్గా అవసరమైన వేళకు గుటుక్కుమంటుంది. బటన్ నొక్కితే ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. షాపుకు పట్టుకెళ్తే సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగదు.

అందుకే ఈ పాఠాన్ని రెండు వారాలకు పంచాను. ఈ వారం అది ఎలా పోతోందో కనిపెట్టి, కారణం ఏ దిక్కున ఉందో తేలుద్దాం. ఆగిపోయే క్షణంలో విండోస్ రాసి దాచే ‘డంప్ ఫైలు’ చదవడం వచ్చే వారం.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఫార్మాట్ కొట్టించకండి. మా చిన్నక్క కూతురు ల్యాప్‌టాప్‌ను ఒక షాపులో నెల తిరక్కుండా రెండుసార్లు ఫార్మాట్ చేశారు. రెండుసార్లూ వారం లోపే మళ్లీ మొదలైంది. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆరిపోయి ఆ పిల్ల ఏడ్చిన రోజున నా దగ్గరకు తెచ్చారు. అప్పటికి ఆ ఫార్మాట్లలో పాత రికార్డంతా తుడిచిపెట్టుకుపోయింది. విండోస్ తన చావుల చిట్టా తనే రాసుకుంటుంది. ఫార్మాట్ చేస్తే ముందుగా పోయేది ఆ చిట్టాయే. ఆ ల్యాప్‌టాప్ సంగతి ఏమైందో కాసేపట్లో చెబుతాను.

నోటుపుస్తకం తీయండి

ఆగిన ప్రతిసారీ తేదీ, టైము రాయండి. అప్పుడు ఏం చేస్తున్నారు, ఛార్జర్ పెట్టి ఉందా లేదా, ఎక్కడ పెట్టుకుని పనిచేస్తున్నారు, చేత్తో తాకితే అడుగు కాలుతోందా, ఫ్యాన్ రొద పెడుతోందా, అన్నీ రాయండి. నాలుగైదు సార్లు రాసేసరికి చాలామందికి కారణం ఆ కాగితం మీదే కనిపిస్తుంది.

ఇంకా ముఖ్యంగా, ఎలా పోయిందో రాయండి. మూడు రకాలున్నాయి. స్విచ్ తీసినట్టు ఒక్కసారిగా చీకటైపోవడం ఒకటి. బొమ్మ బిగుసుకుపోయి, మౌస్ కదలక, మీరు బటన్ నొక్కిపట్టి ఆపాల్సి రావడం రెండోది. తెర మీద ఏదో రాసి తనంతట తనే రీస్టార్ట్ అవడం మూడోది. ఆ తెర ఇన్నాళ్లూ నీలంగా ఉండేది, 2025 నుంచి విండోస్ 11లో నల్లగా మారింది. కాబట్టి ‘నాకు బ్లూ స్క్రీన్ రాలేదండీ’ అనే ముందు నల్ల తెర మీద అక్షరాలేమైనా కనిపించాయేమో గుర్తు చేసుకోండి.

ఆ అక్షరాలు చదివేలోపే రీస్టార్ట్ అయిపోతోందా? దాన్ని ఆపొచ్చు. స్టార్ట్ నొక్కి ఇంగ్లీషులో ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’ అని వెతకండి. తెరుచుకున్న పెట్టెలో ‘స్టార్టప్ అండ్ రికవరీ’ కింద సెట్టింగ్స్ నొక్కి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ పక్కన ఉన్న టిక్కు తీసేయండి. ఇకనుంచి ఆ తెర మీరు బటన్ నొక్కిపట్టి ఆపేవరకూ అలాగే నిలబడుతుంది. ఫోనుతో ఫొటో తీసుకోండి.

చిట్టా తెరవడం

స్టార్ట్‌లో ‘రిలయబిలిటీ’ అని కొడితే ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ వస్తుంది. రోజువారీ గీతలో ఎర్ర గుర్తులు ఏ తేదీ నుంచి మొదలయ్యాయో చూడండి. దానికి ఒకటి రెండు రోజుల ముందు ఏ డ్రైవరో (లోపలి భాగాలను విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాం), ఏ అప్‌డేటో ఎక్కిందేమో కూడా అక్కడే తెలుస్తుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు.

తర్వాత ‘ఈవెంట్ వ్యూయర్’. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. ఎర్ర గుర్తుల్లో ‘కెర్నల్ పవర్’ పేరుతో 41 నంబరు కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది పవర్ సప్లై పోయిందని తీర్మానించేస్తారు. అది తప్పు. క్రితంసారి పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం. పైన చెప్పిన మూడు రకాల్లో దేనితో పోయినా 41 పడుతుంది.

అసలు సమాచారం దాని లోపల ఉంటుంది. ఆ వరుస మీద రెండుసార్లు నొక్కి ‘డీటెయిల్స్’ ట్యాబ్‌కు వెళ్లండి. ‘బగ్‌చెక్ కోడ్’, ‘పవర్ బటన్ టైమ్‌స్టాంప్’ అనే రెండు అంకెలు చూడండి. ఈ పాఠంలో మీరు కచ్చితంగా నేర్చుకోవాల్సింది ఈ రెండింటినీ కలిపి చదవడమే.

బగ్‌చెక్ కోడ్ సున్నా కాకపోతే విండోస్ తప్పును పసిగట్టి తనే ఆగింది. కోడ్ సున్నా అయి, టైమ్‌స్టాంప్‌లో పొడవాటి అంకె ఉంటే ఎవరో బటన్ నొక్కిపట్టారు, అంటే బిగుసుకుపోయిన కేసు. రెండూ సున్నాలైతే విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధే దొరకలేదు. కరెంటైనా తెగింది, లేదా వేడికి హార్డ్‌వేర్ తనను తాను ఆపేసుకుంది. బటన్ నొక్కినా వినిపించుకోనంత గట్టిగా బిగుసుకుపోయినప్పుడు కూడా సున్నాలే రావచ్చు, అందుకే నోటుపుస్తకం పక్కనే ఉండాలి.

రెండూ సున్నాలైతే

మా మేనకోడలి ల్యాప్‌టాప్‌లో ఫార్మాట్ తర్వాత పడిన నాలుగు 41లలోనూ రెండేసి సున్నాలే. నోటుపుస్తకంలో రాయమన్నాను. మూడోసారి తనే ఫోన్ చేసింది. ‘మావయ్యా, నేను కాళ్లు మార్చుకుని కూర్చున్నప్పుడల్లా పోతోంది.’ ఛార్జర్ పిన్ను దూరేచోట వదులైంది. కొంచెం కదిలితే కరెంటు తెగుతోంది. అప్పుడు బ్యాటరీ అందుకోవాలి కదా? అది ఎప్పుడో చచ్చిపోయింది.

బ్యాటరీ ఆరోగ్యం చూడటానికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని (పవర్ అనే ఇంగ్లీషు మాట, వెంటనే సి, ఎఫ్, జి), ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన స్లాష్, దాన్ని అంటుకుని ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి టైపు చేయండి. ఒక ఫైలు తయారై అది ఎక్కడుందో చూపిస్తుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ పోల్చండి. తన దాంట్లో 41,000కు 3,900 మిగిలింది. పదోవంతు కూడా లేదు. జాక్ మార్పించి కొత్త బ్యాటరీ వేయించాం, అంతటితో ఆగింది.

మీ ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో ల్యాప్‌టాప్ ఆరిపోతుంటే కారణం ఇదే. ల్యాప్‌టాప్‌కు లోపలే బ్యాటరీ ఉంది, కరెంటు కోత దానికి తెలియనే కూడదు. తెలుస్తోందంటే బ్యాటరీ అయిపోయిందన్నమాట. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా ఇంకేమీ ఆలోచించకండి. వెంటనే ఆపేసి, ఛార్జర్ తీసేసి, బ్యాటరీ మార్పించండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం ప్రాణాంతకం.

ఇక వేడి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం 44, 45 డిగ్రీలుంటే, ఫ్యాన్ లోపలికి లాక్కునేది ఆ గాలినే. దాన్ని పరుపు మీద పెట్టి వాడితే అడుగున ఉన్న గాలి దారులు కూడా మూసుకుపోతాయి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే, కాలిపోకుండా కరెంటు కట్ చేసుకుంటాయి. కొన్ని మోడళ్లలో ఇలా ఆగినప్పుడు కెర్నల్ పవర్‌లోనే 86 అనే నంబరు పడుతుంది. చాలావాటిలో అదీ పడదు.

అందుకని మనమే సాక్ష్యం తయారుచేసుకోవాలి. ‘హెచ్‌డబ్ల్యుఇన్ఫో’ అనే ఉచిత ప్రోగ్రాం వేసి, సెన్సర్లు మాత్రమే చూపే పద్ధతిలో తెరిచి, లాగింగ్ మొదలుపెట్టి మామూలుగా పనిచేసుకోండి. క్షణక్షణం ఉష్ణోగ్రతలు ఫైలులోకి ఎక్కుతుంటాయి. ఆరిపోయాక ఆ ఫైలు చివరి వరుసలు చూడండి. ప్రాసెసర్ 99 దగ్గర ఉంటే దొంగ దొరికాడు. 58 దగ్గర ఉంటే వేడిని వదిలేసి మళ్లీ ఛార్జర్, బ్యాటరీ, బోర్డు వైపు వెళ్లాలి.

వేడే అని తేలితే దుమ్ము తీయాలి. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఫ్యాన్ రెక్కలను అగ్గిపుల్లతోనో వేలితోనో కదలకుండా పట్టుకుని బ్లోయర్ కొట్టండి, లేదంటే అది మితిమీరి తిరిగి బేరింగులు పాడవుతాయి. దుమ్మంతా ఫ్యాన్‌కూ, పక్కనున్న రాగి జాలీకీ మధ్య చాపలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ విప్పితే తప్ప అది కనిపించదు. పైపైన ఊది సరిపెట్టుకున్నవాళ్లకు నెలకే మళ్లీ మొదలయ్యేది అందుకే. నాలుగైదేళ్లయినదైతే ప్రాసెసర్ వేడిని పైనున్న లోహపు పలకకు చేరవేసే థర్మల్ పేస్టు కూడా మార్చాలి. చేయి తిరగకపోతే ఆ పని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీ లాంటి చోట ఎదురుగా నిలబడి చేయించుకోండి.

కోడ్ ఉంటే

ఈవెంట్ వ్యూయర్‌లో బగ్‌చెక్ కోడ్ మామూలు దశాంశ అంకెల్లో ఉంటుంది. ఆగిన తెర మీదా, ఇంటర్నెట్‌లోనూ అదే కోడ్ వేరే లెక్కలో కనిపిస్తుంది, కంగారు పడకండి. తరచూ ఎదురయ్యేవి కొన్ని చెబుతాను.

159 అయితే నిద్రలోకి వెళ్లేటప్పుడో లేచేటప్పుడో ఒక డ్రైవర్ మొరాయించింది. మూత మూసి తెరిచినప్పుడే పోతోందా అని పుస్తకంలో చూసుకోండి. 278 గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. రెండింటికీ మందు ఒకటే. మీ మోడల్ నంబరుతో తయారీ సంస్థ సైటులో ఉన్న డ్రైవర్ వేయండి. అప్‌డేట్ తర్వాతే మొదలైందని రిలయబిలిటీ గీత చెబుతుంటే డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్’ చేయండి. నిక్షేపంలాంటి మెషీన్‌ను ఒక్క చెడ్డ ఫైలు పడగొట్టగలదా అని అనుమానమొస్తే 2024 జులై 19ని గుర్తు చేసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

26 వస్తే ముందు ర్యామ్‌ను అనుమానించండి. స్టార్ట్‌లో ‘విండోస్ మెమొరీ డయాగ్నోస్టిక్’ నడపండి. అది బాగుందన్నా నమ్మేయకండి. పెన్‌డ్రైవ్‌లో ‘మెమ్‌టెస్ట్86’ వేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క తప్పు వచ్చినా ర్యామ్ మంచిది కాదనే లెక్క. రెండు స్టిక్కులుంటే ఒక్కోదాన్ని విడిగా పెట్టి చూస్తే ఏది పాడైందో తేలుతుంది.

122 వస్తే చేస్తున్న పని ఆపి ముందు ఫొటోలు, కాగితాలు ఇంకోచోటికి కాపీ చేసుకోండి. డిస్కు నుంచి చదవలేకపోయానని విండోస్ చెబుతోంది. పరీక్షలు ఆ తర్వాత. 292 అయితే ప్రాసెసరో బోర్డో స్వయంగా ఫిర్యాదు చేసినట్టు. వేడి, బయాస్ (విండోస్ కంటే ముందు లేచే బోర్డులోని ప్రోగ్రాం) అప్‌డేట్ చూశాక కూడా తగ్గకపోతే అది ఇంట్లో తేలే వ్యవహారం కాదు.

ప్రతిసారీ వేరే కోడ్ వస్తుంటే ఒక్కో డ్రైవర్ వెంట పరుగెత్తకండి. నా అనుభవంలో అలాంటివి ఎక్కువగా ర్యామ్ దగ్గరే తేలాయి.

వచ్చే వారానికి ఇంటిపని

ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి. నోటుపుస్తకంలో కనీసం మూడుసార్లు రాయండి, ప్రతిదాని పక్కన 41 లోపలి రెండు అంకెలూ వేయండి. కోడ్ ఉన్నవాళ్లు సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ తెరిచి, అందులోని ‘మినీడంప్’లో ఫైళ్లున్నాయేమో చూసి, ఉంటే డెస్క్‌టాప్ మీదకు కాపీ చేసి ఉంచండి. 5వ పాఠంలో వాటినే విప్పుతాం.