పాత యమహా ఆర్‌15 బైకుకి కొత్త సస్పెన్షన్ వేసే ముందు జాగ్రత్తలు

పార్టులు కొనేముందే ఫోర్క్ ట్యూబులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ గొట్టాలు, చూడండి. విశాఖలో ఇది మరీ ముఖ్యం. బీచ్ రోడ్డు వైపు ఉండే బళ్లకు ఉప్పుగాలి తగిలి క్రోమ్ మీద సన్నటి తుప్పు గుంటలు పడతాయి. ట్యూబు శుభ్రంగా తుడిచి, గోటితో పైనుంచి కిందికి గీయండి. సీల్ (లోపలి ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) ఆడే చోట గోరు తట్టుకుందంటే ఎంత ఖరీదైన స్ప్రింగ్ వేసినా దండగే. ఆ గుంట కొత్త సీల్‌ని కోసేస్తుంది. కారిన ఆయిల్ బ్రేక్ డిస్క్ మీద పడితే ముందు బ్రేకు పట్టదు. దయచేసి ముందు ఆ సంగతి తేల్చుకోండి.

• కొత్త మోనోషాక్ (వెనకాల ఉండే ఒకే షాక్ అబ్జార్బర్) పొడవు, బుష్ సైజులు పాతదాని పక్కన పెట్టి కొలవండి. పొడవు తేడా వస్తే బండి తిరిగే తీరు, చైన్ స్లాక్ (చైను వదులు) రెండూ మారతాయి.

• వెనకాల షాక్ విప్పేటప్పుడు బరువంతా ఫ్రేమ్ మీద ఆనాలి, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) మీద కాదు. సైడ్ స్టాండ్ మీద ఈ పని వద్దే వద్దు.

• ఫోర్క్ పైమూత కింద స్ప్రింగ్ ఒత్తిడి ఉంటుంది. విప్పేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

• బ్రేక్ క్యాలిపర్‌ని (డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) బ్రేక్ హోస్‌కి వేలాడదీయొద్దు, తీగతో కట్టండి.

• రెండు ఫోర్కుల్లోనూ ఆయిల్ ఒకే గ్రేడు, ఒకే ఎత్తు.

• గ్యాస్ షాక్‌లో నైట్రోజన్ ఒత్తిడితో ఉంటుంది. వేడి చేయడం, డ్రిల్ వేయడం ప్రాణాంతకం.

బిగించాక నేరుగా అరకు ఘాట్ ఎక్కేయకండి. ఊళ్లోనే నెమ్మదిగా కాసేపు తిప్పి, బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచి బిగించే స్పానర్) మళ్లీ చూసుకోండి.