హోమ్‌స్కూల్ ఫెయిర్‌కి వెళ్లే కథోలిక తల్లిదండ్రులకు కొన్ని జాగ్రత్తలు

అమెరికాలో హోమ్‌స్కూల్ కరికులమ్ ఫెయిర్లు, అంటే పిల్లల్ని ఇంట్లోనే చదివించే తల్లిదండ్రుల కోసం పెట్టే పాఠ్యపుస్తకాల మేళాలు, ఎక్కువగా వసంతం, వేసవి నెలల్లో జరుగుతాయి. మొదటిసారి వెళ్తున్నవాళ్లు ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పుస్తకం మీద 'క్రిస్టియన్' అని ఉన్నంత మాత్రాన అది కథోలిక పుస్తకం కాదు. పెద్ద ఫెయిర్లలో చాలా స్టాళ్లు ప్రొటెస్టెంట్ ప్రచురణకర్తలవే. వాళ్లు ఆప్యాయంగా మాట్లాడతారు, పుస్తకాలూ ముచ్చటగా ఉంటాయి. మనం ఏమరుపాటుగా ఉండేది అక్కడే.

మా పెద్దమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా నేను అలాగే ఒక చరిత్ర పుస్తకం కొన్నాను. బొమ్మలు చూశాను, మొదటి రెండు పాఠాలు చదివాను, తెచ్చేసుకున్నాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి జపమాల చెప్పుకోబోతుంటే పిల్ల పూసలు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "అమ్మా, మనం మరియమాతని దేవుడిలా ఆరాధిస్తామని పుస్తకంలో ఉంది. అది తప్పు కదా?" అంది. తెచ్చి చూస్తే 1517లో ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ గురించిన పాఠంలో ఒకే ఒక్క వాక్యం. కొనేముందు ఐదు నిమిషాలు ఆ పాఠం తిరగేసి ఉంటే కనబడేది.

అందుకే చరిత్ర పుస్తకం చేతిలోకి తీసుకోగానే మొదటి పాఠం కాదు, చివర ఉన్న ఇండెక్స్ తెరవండి. పోప్, మరియ, లూథర్, ఇంక్విజిషన్ (శ్రీసభ పాత మతవిచారణ న్యాయస్థానాలు), గెలీలియో అన్న మాటలు ఏ పేజీల్లో ఉన్నాయో చూసి, ఆ పేజీలు చదవండి. మఠాల్లో సన్యాసులు గ్రంథాలకు చేతిరాత ప్రతులు రాసి కాపాడిన సంగతి ఉందా, లేక మధ్యయుగాలన్నీ చీకటి అని రెండు పేజీల్లో దాటేశారా అన్నది కూడా గమనించండి.

బైబిలు పాఠాలకు ఇంకో సులువైన పరీక్ష ఉంది, నాలుగో ఆజ్ఞ. మన లెక్కలో అది తల్లిదండ్రులను గౌరవించమనేది. చాలామంది ప్రొటెస్టెంట్లు విగ్రహాల మాటను విడిగా రెండో ఆజ్ఞగా లెక్కిస్తారు కాబట్టి వాళ్లకు నాలుగోది విశ్రాంతి దినం అవుతుంది. లూథరన్లు మాత్రం మనలాగే లెక్కిస్తారు, కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ఆగిపోకండి. బైబిలే కొంటుంటే విషయసూచికలో తోబితు, మక్కబీయులు ఉన్నాయా చూడండి. మన బైబిల్లో 73 గ్రంథాలు, ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66.

సత్యోపదేశం (కేటకిజం) పుస్తకమైతే మొదటి పేజీల్లో 'ఇంప్రిమాతుర్', అంటే పీఠాధిపతి ఇచ్చిన అనుమతి, ఉందో లేదో వెతకండి. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. శ్రీసభ చట్టం 829వ నిబంధన ప్రకారం ఆ అనుమతి మూలప్రతికే వర్తిస్తుంది, కొత్త ఎడిషన్‌కి గానీ అనువాదానికి గానీ దానంతటది వర్తించదు. పాత పుస్తకాన్ని మార్చి అచ్చువేసినప్పుడు అనుమతి ఏ ఏడాదిదో, ఏ ఎడిషన్‌దో సరిచూసుకోవాలి. పిల్లలు మొదటి దివ్యసత్ప్రసాదానికి సిద్ధమయ్యే ఏడాదైతే, ఫెయిర్‌కి ముందే మీ విచారణ (పారిష్) గురువుల్ని అడగండి. కొన్ని విచారణల్లో ఇంట్లో చదువుకునే పిల్లలు కూడా వాళ్ల తరగతులకే రావాలంటారు.

సైన్స్‌లో భూమి వయసు పాఠం చూడండి. సృష్టి ఆరు రోజులను ఇరవైనాలుగు గంటల రోజులుగానే నమ్మాలని శ్రీసభ మనల్ని కట్టడి చేయలేదు. అలా నమ్మనివాడు క్రైస్తవుడే కాదన్నట్టు రాసిన పుస్తకం నేనైతే కొనను. లెక్కలు, చేతిరాత పుస్తకాల గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు, పిల్లకి అర్థమవుతుందా లేదా అన్నదే చాలు.

బయల్దేరేముందు మీ రాష్ట్రం రూల్స్ చదివి, తప్పనిసరి సబ్జెక్టులు కాగితం మీద రాసుకోండి. టెక్సస్‌లో రాష్ట్రానికి రిపోర్టులేవీ పంపక్కర్లేదు. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక, మూడు నెలలకోసారి రిపోర్ట్ ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో పిల్లల పోర్ట్‌ఫోలియోను, అంటే ఏడాది పనుల ఫైలును, ఏటా అర్హులైనవాళ్లతో పరిశీలింపజేయాలి. ఆ కాగితం చేతిలో లేకపోతే కనబడినదల్లా అవసరమే అనిపిస్తుంది. స్టాళ్ల జాబితా కూడా ముందే చూసి కథోలిక ప్రచురణకర్తలు ఎక్కడున్నారో గుర్తుపెట్టుకోండి. సీటన్ లాంటి కథోలిక సంస్థలు వచ్చి ఉంటే ముందు అక్కడికే వెళ్లండి, కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే.

కో-ఆప్ గ్రూపుల వాళ్లు, అంటే కలిసి పిల్లలకు పాఠాలు చెప్పుకునే కుటుంబాల బృందాలు, కూడా స్టాళ్లు పెడతారు. కొన్నిటిలో చేరాలంటే విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి. 'లేఖనం మాత్రమే', 'విశ్వాసం ద్వారా మాత్రమే' అన్న ప్రొటెస్టెంట్ సిద్ధాంతాల మాటలు ఉన్నాయేమో చదవకుండా పెట్టకండి. మొహమాటపడి సంతకం చేసి తర్వాత బాధపడిన తల్లుల్ని చూశాను. వాదన పెట్టుకోనక్కర్లేదు, "మేం కథోలికులం, మమ్మల్ని చేర్చుకుంటారా?" అని మర్యాదగా అడిగితే చాలు.

"ఈరోజే ఈ డిస్కౌంట్" అన్నా తొందరపడకండి. పుస్తకం అట్ట, ఐఎస్‌బీఎన్ ఫోన్‌లో ఫోటో తీసుకుని రాత్రి భార్యాభర్తలిద్దరూ కూర్చుని చూడండి, రెండో రోజు కొనండి. కొనేటప్పుడు రిటర్న్ గడువు బిల్లు మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక ఇండెక్స్‌లో గుర్తుపెట్టుకున్న పేజీలు ఇంకోసారి చదవండి. ఆ గడువులోగా అది పూర్తయ్యేదాకా అట్ట మీద పిల్లల్ని పేర్లు రాయనివ్వకండి.