పాత అంబాసిడర్ దారిలో ఆగిపోతోందా? కార్బొరేటర్ విప్పే ముందు ట్యాంకు చూడండి

పాత బండి దారిలో ఆగిందంటే అందరి చెయ్యీ ముందు కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే భాగం) మీదికే పోతుంది. దాని జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి బెజ్జాలు, ఊదుతారు. బౌల్, అంటే పెట్రోలు నిలిచే గిన్నె, కడుగుతారు. నాలుగు కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆగుతుంది. బౌల్లో ఆ ఎర్రటి పొడి ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం ఒక్కరూ అడగరు. నెల్లూరు, ఒంగోలు పక్క సముద్రపు గాలికి ముప్పై నలభై ఏళ్ళ ఇనప ట్యాంకు తుప్పు పట్టకపోతేనే వింత. సగం ఖాళీగా పెట్టిన ట్యాంకు గోడలకి రాత్రిపూట లోపల చెమ్మ పడుతుంది. దానికితోడు ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. అది నీటిని పీల్చుకుంటుంది, నీరు మరీ ఎక్కువైతే దాంతో కలిసి విడిపోయి అడుక్కి చేరుతుంది.

కాబట్టి ముందు ఈ పని చెయ్యండి. ట్యాంకు అడుగు నుంచి ఒక లీటరు పెట్రోలు గాజు సీసాలోకి దించి, అరగంట కదపకుండా పెట్టండి. అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటే తుప్పు. కింద వేరే పొరగా ఏదైనా కనిపిస్తే నీళ్ళు. తేటగా ఉంటే అప్పుడు కార్బొరేటర్ గురించి మాట్లాడుకుందాం. నోటితో పీల్చి దించొద్దు, చేతిపంపు వాడండి.

నిండు ట్యాంకుతోనే ఆగుతుంది, పది నిమిషాలుంచితే మళ్ళీ స్టార్టవుతుంది

ట్యాంకు లోపలి జాలీకి తుప్పు పొట్టు అడ్డం పడుతోంది. ఇంజను ఆగగానే పీల్చుడు ఆగి, పొట్టు రాలిపోతుంది, దారి తెరుచుకుంటుంది. పైపులో వెనక్కి గాలి కొడితే ఆ పూటకి ఇల్లు చేరతారు. చెత్త మాత్రం ట్యాంకులోనే ఉంది, ట్యాంకు దించాల్సిందే.

మూత తీస్తే బుస్సుమంటుంది, ఆ తర్వాత బాగా నడుస్తుంది

ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం మూసుకుంది. సన్నటి తీగతో పొడవండి. అంతే.

ట్యాంకు నిండుగా ఉంటే గుర్రమే, సగానికి దిగితే మొరాయిస్తుంది

నన్ను రెండేళ్ళు ఏడిపించింది ఇదే. నాది 1986 మోడల్ అంబాసిడర్. నెల్లూరులో ట్యాంకు నింపి బయల్దేరితే ఒంగోలు దాకా గీత గీసినట్టు పోయేది. అక్కడ పనులన్నీ చూసుకుని తిరిగొచ్చేటప్పుడు, కావలి దగ్గర పడేసరికి జర్కులు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుంజుకునేది, వదిలితే ఐడిల్‌లో మామూలుగా ఆడేది. "ఎండలకి మామూలే సార్, వేపర్ లాక్" అన్నారు మెకానిక్కులు, అంటే వేడికి పెట్రోలు ఆవిరై దారికి అడ్డం పడడం. ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు) మీద తడిగుడ్డ చుట్టాను. పంపు కిట్ రెండుసార్లు మార్చాను. అక్కడే బంకులో పది లీటర్లు పోయిస్తే బాగైపోయేది, దాంతో ఆ బంకు పెట్రోలే మంచిదని కూడా నమ్మాను! రోహిణి కార్తెలో ఆగితే ఎండ అనుకోవచ్చు. సంక్రాంతి పొద్దున్నే, మంచులో ఆగింది. అప్పుడు గానీ బుర్ర పనిచెయ్యలేదు.

సంగతేమిటంటే, ట్యాంకు పైనుంచి అడుగు దాకా దిగే పెట్రోలు గొట్టానికే తుప్పు పట్టి, నడిమధ్యన గుండుసూది మొనంత బెజ్జం పడింది. బెజ్జం పెట్రోల్లో మునిగి ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, దాన్లోంచీ పెట్రోలే వస్తుంది. మట్టం దాని కిందికి దిగాక పంపు గాలి పీలుస్తుంది. అడుగునున్న పెట్రోలుని పైకి లాగడం కంటే గాలిని లాగడం దానికి తేలిక. ఇదంతా ట్యాంకు లోపలి వ్యవహారం కాబట్టి బయట చుక్క కారదు, వాసన రాదు. అందుకే ఎవరికీ దొరకదు.

పట్టుకోవడం ఇలా: పంపుకి ముందు జానెడు పారదర్శకమైన పెట్రోలు హోస్ పెట్టి, ట్యాంకు సగానికి తక్కువున్నప్పుడు ఇంజను రేజ్ చెయ్యండి. బుడగలు వరసకడితే అనుమానం గట్టిపడినట్టే. బయటి హోస్‌లు, క్లిప్పులు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుని గొట్టాన్ని బయటికి తియ్యండి. కింది కొస బొటనవేలితో మూసి, బకెట్ నీళ్ళలో ముంచి, పై కొసలో సైకిల్ పంపుతో గాలి కొట్టండి. నాది పైకి శుభ్రంగానే కనిపించింది. నీళ్ళలో మాత్రం ఒక్క చోటునుంచి ఆవగింజల్లా బుడగలు. అక్కడ గోరుతో గీరితే తుప్పు పెచ్చు ఊడి, బెజ్జం బయటపడింది.

ఎమ్‌సీల్ పూసి సరిపెట్టుకోకండి. అదే సైజు ఇత్తడి గొట్టం బ్రేజింగ్ చేయించండి, విడిగా తీసుకెళ్ళి, ట్యాంకు దరిదాపుల్లో కాదు. కింది కొస ట్యాంకు అడుక్కి అర అంగుళం పైన ఆగాలి, లేకపోతే మడ్డంతా పీలుస్తుంది. గాస్కెట్ కొత్తది వెయ్యండి.

ఇక ట్యాంకు తుప్పు

గేజి యూనిట్ (పెట్రోలు మట్టం కొలిచేది) తీసి, బెజ్జాలన్నీ మూసి, గుప్పెడు నట్లు, వేడినీళ్ళు పోసి బాగా ఆడించి పారబొయ్యండి. నట్లు లెక్కపెట్టి వెయ్యండి, లెక్కపెట్టి తియ్యండి. తర్వాత పది లీటర్ల వేడినీళ్ళకి కిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) లెక్కన కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. బాత్రూం యాసిడ్ పొయ్యొద్దు, తుప్పుతోపాటు రేకునీ తింటుంది. మర్నాడు వంటసోడా నీళ్ళతో, ఆపైన మంచినీళ్ళతో కడగాలి.

చాలామంది చెడగొట్టేది ఈ తర్వాతే. తడి ఆరకుండా వదిలేస్తే గంటలో మళ్ళీ నారింజ రంగు తిరుగుతుంది. బ్లోయర్‌తో ఆరబెట్టి, వెంటనే కొంచెం ఇంజనాయిల్ కలిపిన పెట్రోలు పోసి లోపలంతా తిప్పండి. మన దగ్గర కార్తీకమాసం ముసుర్లో ఈ పని పెట్టుకోకండి, ఎండాకాలమే మేలు. ట్యాంకు రేకే చిల్లులు పడితే మార్చెయ్యండి. వెల్డింగ్ కొట్టించుకుంటానని ఖాళీ ట్యాంకు తీసుకెళ్ళకండి, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

పంపు డయాఫ్రం (లోపలి పల్చటి పొర) చినగడం, ఛాసీ కింద పైపు నొక్కుకుపోవడం లాంటివీ ఉన్నాయి. ఏడాదికి ఒకటో రెండో చూస్తాను. సీసా పరీక్ష, బకెట్ పరీక్ష అయ్యాక వాటి సంగతి చూడొచ్చు.