రోడ్డు మీద పడుకునే కుర్రాడికి ముందు మంచం చూడండి, మాత్రల సంగతి తర్వాత మాట్లాడొచ్చు

రాత్రి పదకొండు దాటాక విజయవాడ స్టేషన్ బయట ఒకసారి నడిచి చూడండి. చెప్పులు తల కింద పెట్టుకుని, ఫోన్ ఉంటే లోపలి జేబులో దోపుకుని, ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాళ్లు పడుకుని ఉంటారు. తెల్లారితే క్యాటరింగ్‌కో, సెంట్రింగ్ పనికో, లారీల దగ్గర లోడింగుకో పోయేవాళ్లే. నేను మాట్లాడినవాళ్లలో చాలామంది మొదటి మాత్ర మత్తు కోసం వేసుకోలేదు. నడుం పట్టేసిందనో, దోమలకి నిద్ర పట్టడం లేదనో అంటే పక్కవాడు ఇచ్చాడు, "ఇది వేసుకో, పొద్దున్నే పనికి లేస్తావ్" అని.

ఒక కుర్రాడు ఆ మాత్ర చూపించాడు. కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్క, అందులో రెండే క్యాప్సూళ్లు, మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న భాగం లేదు. వెనక రేకు మీద పేరులో చివరి మూడు అక్షరాలు మాత్రం మిగిలాయి. అది ట్రామడాల్ అనే నొప్పి మందు. టాపెంటడాల్, దగ్గు మందులో ఉండే కోడీన్ కూడా ఆ జాతివే, అంటే నల్లమందు, మార్ఫిన్ చేసే పనే ఇవీ చేస్తాయి. 2018 ఏప్రిల్‌లో ట్రామడాల్‌ని మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి తెచ్చారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం. అయినా విడిగా దొరుకుతూనే ఉంది.

మీరు సాయం చేద్దామనుకుంటే మొదటి రోజే మాత్రల గురించి అడగకండి. "తమ్ముడూ, తిన్నావా?" అని అడగండి చాలు. అన్న క్యాంటీన్‌లో పూటకి ఐదు రూపాయలే, అక్కడిదాకా కలిసి నడవండి. వారంలో రెండు మూడు రోజులు అదే టైముకి, అదే చోటికి వెళ్లండి. నాలుగోసారికి "అన్నా" అని వాడే పలకరిస్తాడు, అప్పుడు మాట్లాడొచ్చు.

తర్వాత మంచం. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, "ముందు మానెయ్, అప్పుడు చోటు చూపిస్తా" అంటారు. పడుకోవడానికి చోటు లేనివాడు ఏం పెట్టుకుని మానేస్తాడండీ? రాత్రంతా ఎవడు లేపుతాడో, ఎవడు జేబు కొడతాడో అన్న టెన్షన్‌లో ఉన్నవాడికి ఆ మాత్రే దుప్పటి. న్యూయార్క్‌లో 1992లో షరతులు లేకుండా ముందు ఇల్లు ఇచ్చి, వైద్యం ఆ తర్వాత అందించే పద్ధతి మొదలుపెట్టారు. మన దగ్గర అంత లేకపోయినా నైట్ షెల్టర్లున్నాయి. లక్ష జనాభాకి వంద మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలని, అది 24 గంటలూ తెరిచి ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో రాశారు. 2011 లెక్కల ప్రకారమే మన నగర జనాభా పది లక్షల పైచిలుకు, కాబట్టి ఎన్ని ఉండాలో మీరే లెక్కేసి అడగండి. జాబితా కార్పొరేషన్ ఆఫీసులోనో, పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా వాళ్ల దగ్గరో దొరుకుతుంది.

కుర్రాడిని తీసుకెళ్లే ముందు మీరొక్కరే వెళ్లి చూసి రండి. బాత్రూంలో నీళ్లొస్తున్నాయా, సామాను పెట్టుకుని తాళం వేసుకునే వీలుందా, ముఖ్యంగా గేటు ఎన్నింటికి వేస్తారు? పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ కుర్రాళ్లు గిన్నెలు కడిగి బయటపడేసరికి రాత్రి ఒంటిగంట. పదింటికి గేటు వేస్తే ఆ షెల్టర్ వాళ్లకి లేనట్టే. నాకు తెలిసిన ఒక కుర్రాడు మూడు రాత్రులు గేటు బయట కూర్చుని నాలుగో రోజు మళ్లీ ప్లాట్‌ఫాం మీదికే పోయాడు. అందుకే నిర్వాహకుడితో ముందే మాట్లాడి, ఫలానా కుర్రాడు ఆలస్యంగా వస్తాడు, పగలు పడుకుంటాడు అని ఒప్పించండి.

షెల్టర్‌లో కుదురుకున్నాక ఆధార్ సంగతి చూడండి. చిరునామా లేదని వదిలేయకండి, గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకుడు ఇచ్చే ధ్రువపత్రం పనికొస్తుంది. పిల్లల హోమ్‌లో పెరిగి 18 నిండాక బయటికొచ్చినవాడైతే మిషన్ వాత్సల్య కింద 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణ సాయం ఉంటుంది, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. ఇది తెలియక రోడ్డున పడ్డవాళ్లు ఉన్నారు, చాలా బాధేస్తుంది.

ఇంకా మాత్రల జోలికి పోనివాడైతే అసలు నొప్పికి వైద్యం చేయించండి. పెద్దాసుపత్రికి తోడు వెళ్లి, ఏ పని చేస్తాడో, ఎక్కడ పడుకుంటాడో డాక్టరుకి చెప్పండి.

రోజూ వేసుకునేవాడిని మాత్రం గదిలో పెట్టి తాళం వేయకండి. హఠాత్తుగా ఆపితే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా నొప్పులు, విరేచనాలు, నిద్ర లేకపోవడం, అది భరించలేకే మళ్లీ కొంటారు. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి, అవసరాన్ని బట్టి బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందులతో మెల్లగా నిలబెడతారు. ఫోన్‌లో సలహాకి 14446, మనసు బాగోకపోతే 14416. పోలీసు కేసవుతుందని భయపడితే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ గురించి చెప్పండి. మత్తుకు అలవాటుపడి, వాడినందుకో కొద్ది మొత్తం దగ్గరున్నందుకో కేసులో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకి వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు.

ఇంకొకటి, ఇది ఆ కుర్రాడి స్నేహితులకి కూడా నేర్పండి. మాత్రల మీద మద్యం తాగినా, నిద్రమాత్రలు కలిపినా ఊపిరి ఆగిపోవచ్చు. పెదాలు నీలంగా మారి, కంటిపాప సూదిమొనంత అయి, గురకలాంటి శబ్దంతో శ్వాస ఆగి ఆగి వస్తుంటే అది నిద్ర కాదు. గట్టిగా పిలిచి, భుజం తట్టి చూడండి, లేవకపోతే వెంటనే 108. ఊపిరి ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు పోయకండి, ఒంటరిగా వదలకండి. శ్వాస లేకపోతే 108 వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు చేయండి. ఏం వేసుకున్నాడో దాచకండి, స్ట్రిప్పు ముక్క ఉంటే చేతికివ్వండి. నాలక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, కానీ దాని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది, అందుకే కళ్లు తెరిచాడు కదా అని వెంటనే ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేయకూడదు.

ఈ ప్రమాదం ఎక్కువగా వచ్చేది కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు. చికిత్స నుంచో జైలు నుంచో వచ్చినవాడు పాత లెక్కనే వేసుకుంటాడు, ఒళ్లు మాత్రం ఆ అలవాటు మరిచిపోయి ఉంటుంది. వాడు బయటికొచ్చే రోజు ఏదో ముందే కనుక్కుని గేటు దగ్గర ఉండండి, ఆ రాత్రి పడుకునే మంచం అంతకు ముందురోజే మాట్లాడి పెట్టండి.